అలాస్కా క్రూజ్‌కి ఏ పుస్తకాలు పెట్టుకోవాలి? నాన్నగారు వేయిపడగలు అంటున్నారు

శ్రావణమేఘం
ఏప్రిల్ 12, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో సియాటిల్ నుంచి అలాస్కాకి ఏడు రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. అమ్మానాన్న తెనాలి నుంచి మే నెలాఖరుకి వస్తున్నారు, వాళ్లు ఓడెక్కడం ఇదే మొదటిసారి. టికెట్లు, వీసాలు, స్వెటర్లు అన్నీ అయ్యాయి కానీ పుస్తకాల సంగతే తేలడం లేదు.

నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చదవగలరు కానీ అక్షరాలు చిన్నవైతే అరగంటకే కళ్లు నీళ్లు కారతాయి. అమ్మకి వారపత్రికల్లో కథలు, సీరియల్స్ ఇష్టం. పాపకి 12, బాబుకి 8. ఇద్దరూ ఇక్కడ తెలుగు నేర్పే మనబడికి వెళ్తారు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. నేనైతే నాలుగేళ్లుగా ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు.

ఎందుకింత ఆలోచిస్తున్నానంటే, మూడేళ్ల కిందట వాళ్లొచ్చినప్పుడు మేం ఆఫీసులకి, పిల్లలు బడికి వెళ్లిపోతే నాన్న కిటికీ పక్కన కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. తెచ్చుకున్న రెండు పుస్తకాలూ పది రోజుల్లో అయిపోయాయి. ఒకరోజు నేను తొందరగా ఇంటికొచ్చేసరికి మందుల డబ్బాలో ఉండే సన్నక్షరాల కాగితం మడతలు విప్పి చదువుకుంటున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఇప్పుడేమో "ఓడలో పనేముంటుందమ్మా, వేయిపడగలు తెచ్చుకుని తీరిగ్గా ఇంకోసారి చదువుతా" అంటున్నారు. ఏడు రోజుల ప్రయాణానికి అది సరైనదేనా? మీరైతే ఏం పెట్టుకుంటారు?


లంకపొగాకు
ఏప్రిల్ 12, రాత్రి 11:02

శ్రావణి గారూ, వేయిపడగలు మహానుభావుడి రచన, నేను మూడుసార్లు చదివాను. కానీ ఓడకి వద్దండి. విశ్వనాథ వారు 29 రోజుల్లో ఆశువుగా చెప్పేశారంటారు గానీ, చదివేవాడికి అంతకంటే ఎక్కువ రోజులే పడుతుంది, వెయ్యి పేజీల పుస్తకం మరి. పైగా సుబ్బన్నపేట లోకంలోకి ఒకసారి దిగాక మధ్యలో ఎవరైనా "తాతయ్యా, తిమింగలం, తిమింగలం" అని చెయ్యి పట్టి లాగితే ప్రాణం ఉసూరుమంటుంది. ఒళ్లో పెట్టుకుంటే బరువు, పడుకుని పట్టుకుంటే చేతులు నొప్పి.

మేం రెండేళ్ల కిందట ఇదే దారిలో వెళ్లాం. ఖాళీ చాలా ఉంటుందనుకుని నాలుగు లావు పుస్తకాలు మోసుకెళ్లా, ఒకదాంట్లో 60 పేజీలు అయ్యాయి. ఓడలో ఖాళీ ఉంటుంది కానీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. టిఫినుకీ భోజనానికీ మధ్య గంట, రేవు దగ్గర పడేముందు ముప్పావుగంట, అంతే. ఆ ముక్కల్లో పట్టే పుస్తకం కావాలి.


ఇంజన్‌రూమ్
ఏప్రిల్ 13, ఉదయం 6:40

నేను సరుకు ఓడల్లో ఇంజనీర్ని, ఆరేసి నెలలు సముద్రం మీదే ఉంటాను. మాకు లావు నవలలే అచ్చొస్తాయి, రోజూ డ్యూటీ దిగాక అదే టైముకి అదే బంకు మీద చదువుతాం కాబట్టి. ఏడు రోజుల విహారం వేరు, లంకపొగాకు గారు చెప్పిందే రైటు.

రెండు సంగతులు చెప్తాను. సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమట, తెరిచిన పసిఫిక్‌లో వెళ్తాయి. అంటే రెండోరోజు ఓడ ఊగుతుంది. ఊగేటప్పుడు పుస్తకం పడితే కళ్లేమో కాగితం కదలట్లేదంటాయి, లోపలి చెవేమో కదులుతున్నామంటుంది, ఆ రెండూ పొసగక కడుపు తిప్పుతుంది. ఆరోజు చదవాలనుకుంటే ఓడ నడిమి భాగంలో కింది అంతస్తులో కూర్చోండి, అక్కడ ఊపు తక్కువ. పావుగంటకోసారి తలెత్తి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూడాలి. అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి. మీ అమ్మగారికి కారు ప్రయాణం పడకపోతే ఆరోజు మాత్రం పుస్తకం వద్దు, ఎవరైనా చదివి వినిపించండి.

రెండోది, ఓడెక్కిన రోజు పెద్ద పెట్టెలు ముందే తీసేసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఆ పూట చదివే పుస్తకం, కళ్లద్దాలు, మందులు చేతిసంచిలో ఉండాలి.


ఆకుపచ్చ కొండ
ఏప్రిల్ 13, ఉదయం 9:20

నాకో అనుమానం, ఏమీ అనుకోకండి. అంత డబ్బు పోసి అలాస్కా వెళ్తూ పుస్తకాలెందుకు? జూన్‌లో అలాస్కా రాజధాని జూనో దగ్గర రాత్రి పదింటికి గానీ సూర్యుడు అస్తమించడు. పద్దెనిమిది గంటల వెలుగు, మంచుకొండలు, జలపాతాలు, గద్దలు. మా మావయ్య గారు ఓడలో వారమంతా తల వంచుకుని పేపరు పట్టుకుని కూర్చున్నారు, చూస్తున్న మాకే బాధేసింది. పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని డెక్కు మీదికి తీసుకెళ్లండి, పుస్తకాలు తెనాలిలోనూ చదవచ్చు.


శ్రావణమేఘం
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 12:45

ఆకుపచ్చ కొండ గారూ, మీ మాట కొట్టిపారెయ్యను, నేనూ అలాగే అనుకున్నాను మొదట. కానీ నాన్నకి మోకాళ్లు బాగాలేవు, రేవుల్లో అందరితో సమానంగా నడవలేరు. మేం దిగి తిరిగొచ్చేదాకా కొన్ని గంటలు ఆయన, అమ్మ ఓడలోనే ఉంటారు. చుట్టూ ఇంగ్లీషు, మాట్లాడేవాళ్లుండరు. కొండల్ని ఎంతసేపని ఒక్కరే చూస్తారు? ఆయనకి నచ్చింది చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటారు.


మెట్లకింద లైబ్రరీ
ఏప్రిల్ 13, రాత్రి 8:30

శ్రావణి గారూ, నేను ఇక్కడి ఊరి లైబ్రరీలో పిల్లల విభాగంలో పనిచేస్తాను. ఆకుపచ్చ కొండ గారి మాటకీ మీ మాటకీ మధ్యలో దారుంది. వెళ్తున్న చోటు గురించిన పుస్తకమే పట్టుకెళ్లండి, తలెత్తినా దించినా ఒకటే లోకం ఉంటుంది.

మొదటిది మీ బాబు కోసం. జాన్ మ్యూర్ అని అమెరికాలో అడవుల్ని, కొండల్ని కాపాడాలని జీవితమంతా పోరాడిన ఆయన, 1880లో ఆగ్నేయ అలాస్కాలో ఒక గ్లేసియర్ (మంచునది) మీద గాలివానలో నడవబోతే, పడవలో వచ్చిన ఒక చిన్న నల్ల కుక్క వద్దన్నా వినకుండా వెంటబడింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పెద్ద మంచు చీలిక అడ్డమొచ్చింది. అటూ ఇటూ కలుపుతూ సన్నటి మంచు వంతెన ఒక్కటే ఉంది. ఆయన మంచు చెక్కుకుంటూ పాకి దాటాడు, కుక్క మాత్రం ఇవతలే నిలబడి ఏడ్చింది. తర్వాత ఏమైందో చెప్పను. ఆ కుక్క పేరు స్టికీన్, పుస్తకం పేరూ అదే, 1909లో వచ్చింది. చాలా చిన్నది, రెండు సాయంత్రాల్లో గట్టిగా చదివి వినిపించవచ్చు. పాతది కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అదే మ్యూర్ 1879లో గ్లేసియర్ బేకి మొదటిసారి వచ్చాడు. అంతకు 85 ఏళ్ల ముందు, 1794లో జార్జ్ వాంకూవర్ అనే బ్రిటిష్ కెప్టెన్ నౌకాదళం వాళ్లు చూసినప్పుడు ఆ అఖాతం నోటి దగ్గరే మంచు గోడ అడ్డంగా ఉంది. మ్యూర్ వచ్చేసరికి అది 40 మైళ్లకు పైగా వెనక్కి జరిగిపోయింది. ఈ ఒక్క ముక్క తెలిసి చూస్తే గ్లేసియర్ వేరేలా కనిపిస్తుంది. మీ ఓడ గ్లేసియర్ బేలోకి వెళ్లేదైతే ఆరోజు పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో వివరిస్తారు, పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి.

పాపకి జాక్ లండన్ రాసిన కాల్ ఆఫ్ ది వైల్డ్, 1903 నాటిది. ఎందుకంటే దాంట్లో బక్ అనే కుక్క వెళ్లిన దారీ మీ ఓడ దారీ దాదాపు ఒకటే. కాలిఫోర్నియాలో శాంతా క్లారా లోయలో, అంటే ఇవాళ మనవాళ్లు వేలల్లో ఉంటున్న చోటే, ఒక జడ్జిగారింట్లో దర్జాగా బతికే కుక్కని తోటమాలి మనిషి దొంగతనంగా అమ్మేస్తాడు. దాన్ని సియాటిల్ తెచ్చి దుడ్డుకర్రతో లొంగదీసి, ఓడెక్కించి డయీ అనే చోట దింపుతారు. ఆ డయీ స్కాగ్వే రేవుకి కూతవేటు దూరం. కెనడాలోని క్లాండైక్‌లో బంగారం పడింది 1896లో, ఆ కబురు ఓడ మీద సియాటిల్ చేరింది 1897 జులైలో, లండన్ కూడా ఆ ఏడే బయల్దేరాడు. స్కాగ్వేలో పాత రైలెక్కి వైట్ పాస్ కనుమ పైకి వెళ్తే కింద లోయలో అప్పటి కాలిబాట కనిపిస్తుంది. ఆ బాటలో దాదాపు 3,000 గుర్రాలు బరువులు మోస్తూ చచ్చిపోయాయి. ఒక హెచ్చరిక, ఈ పుస్తకంలో కుక్కల్ని కొట్టడం, చంపడం ఉంటాయి, ఎనిమిదేళ్ల బాబుకి చదవద్దు.


గుంటూరు వెంకన్న
ఏప్రిల్ 14, ఉదయం 7:55

పండితులవారికి పుస్తకం ఎవరూ చెప్పలేదే! బారిష్టరు పార్వతీశం పెట్టండమ్మా. మొగల్తూరు కుర్రాడు ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిన కథ, మొక్కపాటి వారు 1924లో రాశారు. వందేళ్లు దాటినా ఓడ ప్రయాణం గురించి తెలుగులో దాన్ని మించింది లేదు. ఆయన పదిసార్లు చదివే ఉంటారు, పర్లేదు, నీళ్ల మీద చదివితే కొత్తగా ఉంటుంది. మొదటి భాగం ఒక్కటి చాలు. పైగా పైకి చదివితే మీ అమ్మగారూ పిల్లలూ అందరూ నవ్వుతారు, ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకునే చోటు మీ బాబుక్కూడా అర్థమవుతుంది.

ఇంకోటి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. అది ఓడ కాదు, పల్లకీల మీద నేల ప్రయాణం. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి పదిహేను నెలలు తిరిగి రాసినది, 1838లో అచ్చయింది. ఏరోజు ఏ ఊళ్లో మజిలీ, అక్కడ బియ్యం దొరికాయా, నీళ్లు మంచివా, ఊళ్లో ఎన్ని ఇళ్లు, అన్నీ రాస్తాడు. రోజుకి రెండు మజిలీలు చదివి మూసెయ్యవచ్చు, మధ్యలో తిమింగలం వచ్చినా దారి తప్పదు.


శ్రావణమేఘం
ఏప్రిల్ 14, రాత్రి 9:10

వెంకన్న బాబాయ్ గారూ, మీరు చెప్పింది నాన్నకి ఫోన్లో చెప్పాను. "కాశీయాత్రా! డిగ్రీలో ఉండగా కొంత చదివా, పూర్తి చెయ్యనేలేదు" అన్నారు. గొంతులో ఉషారు వినిపించింది. కాకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత ప్రతి చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కిండిల్‌లో పెట్టి చూశా, ఇంకా ఘోరం. ఏం చెయ్యాలి?


మెట్లకింద లైబ్రరీ
ఏప్రిల్ 14, రాత్రి 10:05

స్కాన్ చేసిన పుస్తకాలు బొమ్మల్లాంటివి, అక్షరం సైజు పెంచడం కుదరదు, ఆరంగుళాల తెరమీద పేజీ మొత్తం కుదించుకుపోతుంది. పదంగుళాల టాబ్లెట్ అయితే నయం, కానీ ఎండలో డెక్కు మీద అద్దంలా మెరుస్తుంది. అంచుల తెల్లజాగా కత్తిరించేసి పేజీకొకటి చొప్పున కాగితం మీద ప్రింటు తీయండి. చిన్న పుస్తకం పేజీ లెటర్ సైజు కాగితం నిండా వస్తే అక్షరం దానంతటదే పెద్దదవుతుంది. ఒక్కవైపే వెయ్యండి, లేకపోతే వెనక సిరా కనపడి కళ్లకి ఇబ్బంది. మొత్తం అక్కర్లేదు, 80 పేజీలు చాలు. స్పైరల్ బైండింగ్ చేయిస్తే మడిచి ఒక చేత్తో పట్టుకోవచ్చు, గాలికి ఎగరదు.


ఉక్కునగరం
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:30

మాది విశాఖ. 2022లో ఇక్కణ్నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి ఓడ వేసినప్పుడు మా అత్తగారిని తీసుకెళ్లాను. రెండు మూడు రోజుల ప్రయాణం కాబట్టి మీదానికి పోలిక లేదు గానీ, నేర్చుకున్నదొకటి చెప్తా. ఈతకొలను ఉన్న డెక్కు మీద రోజంతా పాటలు, పోటీలు, అక్కడ చదువు సాగదు. ఎక్కిన రోజే ఓడంతా ఒకసారి తిరిగి నిశ్శబ్దంగా ఉండే రెండు కుర్చీలు చూసి పెట్టుకోండి. మాకు లిఫ్టు పక్కన మూలగా కిటికీ దగ్గర దొరికాయి. అత్తగారు రోజూ తెల్లారి ఐదింటికి కాఫీ గ్లాసుతో అక్కడే.

కథల పుస్తకాలైతే మీ అమ్మగారికి సరిగ్గా ఉంటాయి. వంశీ గారి మా పసలపూడి కథలు పెట్టండి, స్వాతిలో వచ్చేటప్పుడు చదివే ఉంటారు, ఒక్కో కథ కాఫీ అయ్యేలోపు అయిపోతుంది. కొంచెం బరువైనవి కావాలంటే కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏటేటా వేస్తున్న కథ సంకలనాల్లో ఏదైనా ఒకటి. అవి ఊళ్లో కొనుక్కుని రమ్మనండి, మీకక్కడ అమెరికాలో దొరకవు. కాచిగూడ నవోదయలోనో విశాలాంధ్రలోనో అడగమనండి.


ఇంజన్‌రూమ్
ఏప్రిల్ 15, సాయంత్రం 5:15

ఓడలో లైబ్రరీ ఉంటుంది కదా అని ఎవరూ ఊరుకోకండి. చాలా ఓడల్లో అది నాలుగు అరలు, ఇంగ్లీషువే ఎక్కువ, తెలుగు ఒక్కటి ఉండదు. వైఫై ఉపగ్రహం మీద నడుస్తుంది, ఖరీదు ఎక్కువ, కొండల మధ్య ఒక్కోసారి అందదు. డౌన్‌లోడ్ చేసుకునేవి ఇంట్లోనే చేసుకుని, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. సముద్రపు గాలికి కాగితం మెత్తబడుతుంది, జిగురు బైండింగ్ పాత పుస్తకాలు విడిపోతాయి. విలువైన ప్రతులు, తాతలనాటివి, తేవద్దు.


ఆకుపచ్చ కొండ
ఏప్రిల్ 15, రాత్రి 8:50

నా మాట వెనక్కి తీసుకోను గానీ కొంచెం సవరించుకుంటాను. గ్లేసియర్ ఉన్న రోజు మాత్రం పుస్తకాలన్నీ గదిలో పెట్టి తాళం వెయ్యండి. మంచు పెళ్లలు విరిగి నీళ్లలో పడితే ముందు కనిపిస్తుంది, ఒక క్షణం ఆగి ఉరిమినట్టు చప్పుడొస్తుంది. తల దించితే దాటిపోతుంది. ఆ చప్పుడు మీ నాన్నగారు వినాలి.


శ్రావణమేఘం
ఏప్రిల్ 16, ఉదయం 7:00

ఒప్పుకున్నాను. గ్లేసియర్ రోజు పుస్తకాలు లేవు. నాన్నకి పార్వతీశం, కాశీయాత్ర ప్రింటు. అమ్మకి పసలపూడి. పాపకి బక్, బాబుకి స్టికీన్. నాకు ఇంకా తేలలేదు.


లంకపొగాకు
ఏప్రిల్ 16, ఉదయం 7:40

మీకు ఏమీ వద్దు. మీ నాన్నగారు చదువుతుంటే పక్కన కూర్చోండి.


శ్రావణమేఘం
జూన్ 24, రాత్రి 11:30

మొన్న దిగాం. మీరందరూ అంత శ్రద్ధగా చెప్పారు కాబట్టి ఏం జరిగిందో రాయకపోతే బాగోదు, కొంచెం పొడుగవుతుంది.

రెండోరోజు ఇంజన్‌రూమ్ గారు చెప్పినట్టే ఓడ ఊగింది. అమ్మకి వికారం మొదలైంది. పసలపూడి చేతిలోంచి తీసేసుకుని నేను చదివాను. నాలుగో అంతస్తులో మెట్ల పక్కన సోఫా మీద, ఆవిడ కళ్లు మూసుకుని నా భుజం మీద తల పెట్టి వింది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆవిడ నాకు చందమామ చదివేది, అది గుర్తొచ్చింది. మూడు కథలు అయ్యాక "నువ్వు ర కింద రావత్తు ఇంకా సరిగ్గా పలకవు" అంది. అంటే కుదుటపడిందన్నమాట.

పాప బక్‌ని ఓడెక్కకముందే సగం చదివేసింది. స్కాగ్వేలో రైలు కిటికీలోంచి ఆ పాత బాట చూపిస్తే ఏం మాట్లాడలేదు, చాలాసేపు అటే చూసింది. సాయంత్రం తాతయ్యకి కథంతా తెలుగులో చెప్పింది, దుడ్డుకర్ర అనే మాట రాక "పెద్ద కర్ర, కోపం కర్ర" అంది.

నేను ఊహించనిది స్టికీన్. ఇంగ్లీషు ప్రతి నాన్న చేతికిచ్చి బాబుకి చదవమన్నాను, అంతే. ఆయన ముందురోజు రాత్రి మొత్తం తను చదువుకుని, మాటల అర్థాలు పెన్సిల్‌తో అంచుల్లో రాసుకుని, పాఠం చెప్పడానికి వెళ్లేముందు చేసినట్టే తయారయ్యారు. జూనో దాటాక డెక్కు మీద దుప్పటి కప్పుకుని ఇద్దరూ కూర్చున్నారు. రాత్రి తొమ్మిదిన్నర, పుస్తకం చదవడానికి సరిపడా వెలుగుంది. ఆయన ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్తున్నారు. మంచు వంతెన దగ్గరికొచ్చేసరికి ఆపేసి కళ్లద్దాలు తుడుచుకుంటుంటే వాడు ఆయన మోచెయ్యి పట్టుకుని "తాతయ్యా, కుక్క వచ్చిందా, వచ్చిందా" అని ఊపేస్తున్నాడు. పక్క కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడకి ఒక్క ముక్క తెలుగు రాదు, ఆవిడ కూడా చదవడం ఆపి వీళ్లనే చూస్తోంది.

గ్లేసియర్ రోజు మాట నిలబెట్టుకున్నాం. మార్జరీ గ్లేసియర్ ఎదురుగా ఓడ గంటసేపు ఆగింది. ఆ ఉరుము విన్నాక నాన్న "ఈ గోడ అప్పుడు సముద్రం దాకా ఉండేదట" అని చుట్టూ ఉన్నవాళ్లకి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు. 1794, 1879 రెండు తారీఖులూ తప్పు లేకుండా చెప్పారు.

కాశీయాత్ర 80 పేజీల్లో 52 అయ్యాయి. కెచికాన్ రేవులో మేం దిగినప్పుడు ఆయన, అమ్మ ఓడలోనే ఉండి కిటికీ దగ్గర అదే చదువుకున్నారు. మేం తిరిగొచ్చేసరికి అమ్మ ఒక కాగితం మీద మన ఓడ మజిలీలు రాస్తోంది, వీరాస్వామయ్య రాసినట్టే, ఏరోజు ఏ ఊరు, వాన పడిందా, అన్నం దొరికిందా.


గుంటూరు వెంకన్న
జూన్ 25, ఉదయం 6:20

తల్లీ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. మరి పార్వతీశం?


శ్రావణమేఘం
జూన్ 25, ఉదయం 8:05

పార్వతీశం ఓడలో తెరవనే లేదు బాబాయ్ గారూ, టైమే దొరకలేదు. నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి అదే కిటికీ పక్క కుర్చీలో నాన్న, ఆయన కాళ్ల దగ్గర నేల మీద పిల్లలిద్దరూ. టోపీ కొనే చోటు నడుస్తోంది. కాశీయాత్రలో మిగిలిన పేజీలు కూడా ప్రింటు తీయించమన్నారు, ఈ శనివారం వెళ్తాను.